పూడ్చని గాటు

జమ్మలమడుగులో తిమోతి ఇంటి వసారా నిండా, ఒకప్పుడు చర్చి మిషన్‌కు వచ్చిన తెల్లదొరసానులు వదిలిపోయిన యూరప్ రాట్నాలే. కాలితో తొక్కితే తిరుగుతాయి. పొద్దున్నే లుంగీ ఎగగట్టి కూర్చుని, చక్రాలకు విరిగిన ఆకుల చోట కొత్తవి చెక్కి పెడతాడు. పగుళ్లలో లప్పం నింపి, అతుకు కనపడకుండా గరుకు కాగితంతో రుద్దుతాడు. ఒక్క రాట్నానికి మాత్రం ఆ పని సగంలో ఆపేశాడు. అది ఒక దొరసాని ఊరు వదిలిపోతూ అతని అవ్వకు ఇచ్చినది. సంఘపెద్ద దేవసహాయం "ఇది చర్చి సొత్తు" అని లాక్కుపోయి, చక్రం ఊడదీసి తన బావికి గిలకగా బిగించుకున్నాడు. ఆ తర్వాత అవ్వ నూలు వడకలేదు, ఆ బావి నీళ్లూ ముట్టలేదు. బావి ఎండిపోయాక చక్రం పాత సామాన్ల అంగట్లో తిమోతికి దొరికితే, కొత్త చట్రం చెక్కి దానికి బిగించాడు. చేంతాడు కోసిన గాటు దాని అంచున వేలు పట్టేంత లోతుంది. ఎవరొచ్చినా ముందు ఆ గాటే చూపించి, దానికి కారణమైన దేవసహాయం పేరు చెబుతాడు.

మొన్న దేవసహాయం కొడుకు వినోద్ కుమార్ వచ్చి గడప బయటే నిలబడ్డాడు. "ఆ గాటు పూడ్చు మామా. మా నాయన సచ్చిపోయినా జనం ఇంకా ఆయన్నే తిడతాండారు."

"ఔనప్పా, శానా మాసిపోయింది" అన్నాడు తిమోతి. గుడ్డను నూనెలో ముంచి, ఆ గాటును ఒక్కదాన్నే మెరిసేదాకా తుడిచాడు. తర్వాత రాట్నాన్ని వీధి వైపుకు తిప్పి పెట్టాడు.