రాసింది రాసినట్టు

గజాలా టీచర్‌కు ముక్కు మీద కోపమని గోపాల్‌పేట బడిలో అందరూ అంటారు. అబద్ధమేమీ కాదు. అచ్చంపేటలో కుట్టుమిషన్లు బాగుచేసే మొయినుద్దీన్ కూతురు ఆమె. సోషల్ టీచరై పన్నెండేళ్లుగా వనపర్తి నుంచి బస్సులో వచ్చిపోతోంది. యుద్ధం పాఠం వచ్చిందంటే ఆమెకు ఒళ్లు మండుతుంది. నాలుగు తారీఖులు, ఒక ఒప్పందం, ఐదు మార్కుల ప్రశ్న. అంత యుద్ధంలో ఒక్క మనిషికీ కాలు కూడా నొప్పి పుట్టదు.

అందుకే ఇళ్లలో సిపాయిల ఉత్తరాలు, కాగితాలు ఏవున్నా తెమ్మని పిల్లల వెంటపడుతుంది. ఎవరు రాశారు, ఎవరికి, ఏ పరిస్థితిలో అని ప్రాణం తోడేస్తుంది. షరతు ఒక్కటే. రాసింది రాసినట్టు చదవాలి. ఒక్క అక్షరం మింగినా ఊరుకోదు.

ఈసారి తొమ్మిదో తరగతి రోజా ఒక ఇన్లాండ్ ఉత్తరం తెచ్చింది. డెబ్బై ఒకటి యుద్ధంలో గాయపడి, మిలటరీ దవాఖాన నుంచి ఆమె తాత సామ్యూల్ రాసింది. తాత పోయి ఇరవై ఏళ్లయింది. నాయనమ్మ జమ్ములమ్మ దాన్ని రేషన్ కార్డుతో పాటు కవర్లో దాచిపెట్టుకుంది.

హెడ్మాస్టర్ భానుప్రకాశ్ ఉత్తరం చదివి మొహం చిట్లించాడు.

"సిపాయి అంటే పిల్లలకు ధైర్యం రావాలె టీచరమ్మా. భయమైంది అన్న ముక్క తీసేయుండ్రి."

"ఆయన రాసిండు సార్. తీసేయనీకె నేనెవర్ని?"

"అట్ల కాదు. ఎవడో ఫోన్ల వీడియో తీసి పెడతడు. మీరు చెప్పించిన్రంటే బయటోళ్లు ఇంకో తీరుగ అనుకుంటరు."

ఆ 'మీరు'లో ఏముందో గజాలాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఉత్తరం జూసి అంటున్నరా సార్, నన్ను జూసి అంటున్నరా?"

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

శుక్రవారం ఆమె ఉత్తరం మొత్తం చదివించడానికే సిద్ధపడింది. జమ్ములమ్మను కూడా పిలిపించి ముందు బెంచీలో కూర్చోబెట్టింది. యాభై ఏళ్లకు పైగా దాచుకున్న మనిషికి అందులో ఏముందో తెలియకపోవచ్చని ఆమెకు తట్టనే లేదు.

రోజా లేచి చదివింది.

"జమ్ములూ, బాగున్ననని రాయమంటుండ్రు. బాగలేను. గుంతల రెండు దినాలు పండుకున్నం. నా పక్కోనికి తూటా తాకింది. నీళ్లు నీళ్లు అన్నడు. నా సీసాల నీళ్లున్నయి. తల లేపనీకె భయమై ఇయ్యలే. తెల్లారేసరికి..."

"చాలమ్మా. కూసో." తలుపు దగ్గర భానుప్రకాశ్.

గజాలా నోరు తెరిచేలోపే జమ్ములమ్మ లేచింది.

"ఎందుకాపినవ్ సారూ?"

"నీ మంచికే అవ్వా. పాత బాధలెందుకు ఇప్పుడు?"

"అప్పటి పంతులు గూడ నా మంచికే సదివిండు. నాకు సదువు రాదాయె. బాగున్న, పైలం అని రాసిండన్నడు. గంతే అన్నడు."

ఇంతసేపూ హెడ్మాస్టర్ మీద ఉన్న గజాలా కోపం ఒక్కసారిగా తన మీదికే తిరిగింది. ముందే ఇంటికి పోయి ఒక మాట అడగాల్సింది. అడగలేదు.

జమ్ములమ్మ ఇంకా నిలబడే ఉంది.

"ఇంటికొచ్చినంక నా మొగుడు దినాం పొద్దుగూకంగనే గడపకాడ చెంబెడు నీళ్లు పెడుతుండె. తెల్లారి పారబోస్తుండె. మైలు దూరం నడిచి నేను మోసుకొచ్చిన నీళ్లు. పిచ్చోడా అని తిట్టిన. చెంబు ఇసిరికొట్టిన. ముప్పై ఏండ్లు తిట్టిన సారూ. ఒక్కనాడు ఎదురు చెప్పలే."

ఆమె రోజా చేతిలోని ఉత్తరం వైపు తిరిగింది.

"ఎందుకు చెప్తడు? రాసిండు గద. నాకు ఎరికనే అనుకున్నడు. ఎరికుండి తిడుతున్న అనుకున్నడు. గట్లనే అనుకొని సచ్చిపోయిండు."

ఆమె బెంచీ పట్టుకుని మెల్లగా కూర్చుంది.

"మల్ల మొదటికెల్లి సదువు బిడ్డా. ఏమీ ఇడువకు."

రోజా టీచర్ వైపు చూసింది. గజాలా తలూపింది. రోజా తారీఖు దగ్గర మొదలుపెట్టింది.