గడ్డి లేని పాలెంలో ముత్యాలయ్య

ముత్యాలయ్య కుట్టిన వలను పాలెంలో ఇంకెవరూ పరీక్ష చేయరు. వేరేవాళ్లు కుట్టినదైతే ఇద్దరు మనుషులు ఇసుక మీద సాగదీసి, వెలుతురుకు ఎత్తిపట్టి, అల్లికలో ఒక్కో కన్నూ చూసిగానీ పడవెక్కించరు. ముత్యాలయ్య వలను అలా చూస్తే ఆయన్ను అవమానించినట్టే. సొంత పడవ లేని మనిషికి ముప్పై ఏళ్లుగా ఉన్న ఆస్తల్లా ఆ మర్యాదే.

వేసవిలో రెండు నెలలు చేపల వేట నిషేధం. పడవలు ఒడ్డుకెక్కుతాయి, చినిగిన వలలన్నీ ముత్యాలయ్య పంచలో చేరతాయి. ఈ ఏడు వాటితోపాటు ఒక ఫోను కూడా చేరింది. గూడూరులో డిగ్రీ చదివే కూతురు సాయిలక్ష్మి తన పాతది ఇచ్చి, "పాటలు వినుకుంటా కుట్టుకో నాయనా" అంది.

పాటలు రెండు రోజులే విన్నాడు. తర్వాత రీల్స్. ఎవరో అత్తాకోడళ్లు జుట్టూ జుట్టూ పట్టుకుంటారు, ఏ దేశంలోనో ఒక పాము లారీ ఎక్కుతుంది. ఒకటి అయ్యేలోపే బొటనవేలు ఇంకోదాన్ని తోసుకొస్తుంది. చూసినవాటిల్లో ఒక్కటీ గుర్తుండదు, అయినా ఆపలేడు. ఆపలేకపోతున్నానని ఆయనకూ తెలుసు, అదే బాధ. ఒకరోజు ఫోన్ని బియ్యం డబ్బాలో పూడ్చి మూత బిగించాడు. అన్నం ఉడికేలోపే మోచేతిదాకా చెయ్యి పెట్టి తవ్వుకున్నాడు. భార్య కామమ్మ పడీ పడీ నవ్వింది. ఆయనకు మాత్రం భయమేసింది.

సెలవులకొచ్చిన సాయిలక్ష్మి ఇదంతా చూసి, "టచ్ గ్రాస్ నాయనా" అంది.

"అంటే ఏంది?"

"ఇరవైనాలుగ్గంటలూ నెట్‌లోనే పడుండేవాళ్లని అట్నే అంటారు. బయటికి పొయ్యి కాస్త గడ్డి ముట్టుకోమని."

"మన పాలెంలో గడ్డి యాడుందే? అంతా ఇసకే గదా" అన్నాడు తలెత్తకుండా.

"మరి వల?"

"కళ్లు మూసుకున్నా కుడతా. నా వేళ్లకు తెలుసులే."

అక్కడే పప్పులో కాలేశాడు. వేళ్లకు తెలిసిన మాట నిజమే. కానీ పాము లారీ ఎక్కేటప్పుడు ఆ వేళ్లు ఆగిపోతున్నాయి. మళ్లీ మొదలుపెట్టేది ఆగినచోట కాదు, ఓ బారెడు అవతల. కళ్లు ఫోన్లో ఉన్నవాడికి అది కనబడలేదు.

నిషేధం ఎత్తేసిన మొదటిరోజే బామ్మర్ది పెంచలయ్య పడవకు పెద్ద చేపల గుంపు తగిలింది. బరువెక్కిన వల పైకి లాగేసరికి తేలికైపోయింది. నడిమధ్య మనిషి దూరేంత చినుగు. దానికి అటూ ఇటూ ముత్యాలయ్య వేసిన ముడులు నిక్షేపంగా ఉన్నాయి.

పెంచలయ్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పర్లేదులే బావా, మళ్లీ కుట్టు" అని వల తెచ్చి పంచలో వేశాడు. ఆ రోజు ముత్యాలయ్య ఫోను జోలికి పోలేదు, అన్నం కూడా తినలేదు. ఒక్క కన్ను తప్పిపోకుండా కుట్టాడు. దేవుడి మీద ఒట్టేసి చెప్పగలడు.

మర్నాడు పొద్దున వల తీసుకెళ్లిన పెంచలయ్య పడవ దగ్గర ఇంకో మనిషిని పిలిచాడు. ఇద్దరూ దాన్ని ఇసుక మీద సాగదీసి, వెలుతురుకు ఎత్తిపట్టి, ఒక్కో కన్నూ చూడసాగారు. వెనకే వచ్చిన ముత్యాలయ్య ఓ అడుగు ముందుకేశాడు. 'బాగుండాదిరా, చూసే పన్లేదు' అందామనుకున్నాడు. ఏ మొహం పెట్టుకుని అంటాడు? అటు చూడలేక తల దించుకున్నాడు.

ఫోను చేతిలో ఉంది. బొటనవేలు తోసుకుంటూ పోతోంది. జేబులోంచి ఎప్పుడు తీశాడో ఆయనకే తెలీదు.