వెనక కూర్చున్నవాళ్లకూ ఒక పాచిక

హనుమకొండలో మా స్టేషనరీ దుకాణానికి ఆదివారం సెలవు. ఆ మధ్యాహ్నం పై గదిలో మేం ఒక ఆట ఆడుకుంటాం. రాజ్యాలూ రాక్షసులూ ఉన్న కథను నేను చెబుతుంటే, అందులో వీరులుగా తిరిగేది మా ఆవిడా, మా చిన్నమ్మ కొడుకు, అంటే నా తమ్ముడూ. గెలుపోటములు ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. నలభై దాటాక ఇదేం పిచ్చి అనేవాళ్లకు నా జవాబు ఒకటే: మీరు సీరియళ్లు చూడట్లేదా?

ఈ వేసవిలో కథలోకి గుర్రాలు వచ్చాయి. ఆట పుస్తకంలోని గుర్రపు రూల్స్ నాకు నచ్చలేదు. నచ్చకపోతే ఊరుకునే రకం కాదు నేను, సొంతంగా రాయడానికి కూర్చున్నాను. మాలో ఎవరమూ గుర్రం ఎక్కిన పాపాన పోలేదు. బరాత్‌లో దాని ముందు నడవడమే ఎరుక. అందుకని తెలిసిన మోటారు బండి లెక్కనే రాశాను. మలుపులో వేగం తగ్గాలి, వాన పడితే జారుతుంది, ముగ్గురెక్కితే నష్టం. మా ఆవిడ చదివి, "లైసెన్స్ గూడ అడుగుతవా గుర్రానికి?" అంది. ఉడుక్కున్నాను కానీ, మార్చలేదు.

ఆ ఆదివారం ఆటలో మా ఆవిడ పాత్రకు బాణం తగిలింది. తమ్ముడి పాత్ర ఆమెను గుర్రం మీద వెనక కూర్చోబెట్టుకుని కోటకు చేర్చాలి.

"ఎనక మనిషి పడితే?" అని అడిగాడు వాడు.

"పాచిక నడిపేటోడే ఏస్తడు. తప్పు వాడిదే" అన్నాను.

అనేసి నాలుక కరుచుకున్నాను. ఆమధ్య వర్ధన్నపేట దారిలో వాడి బండి మీది నుంచే చిన్నమ్మ పడింది. తుంటి విరిగింది. ఆమె కోలుకుని నడుస్తోంది, వాడు మాత్రం మళ్లీ బండి ముట్టలేదు. కాజీపేట నుంచి తల్లీకొడుకులు ఆటోలో వస్తారు.

"అయితే నేను ఎక్కించుకోనన్నా. ఆమెను ఈడనే ఉండనీ" అన్నాడు.

"రక్తం పోయి సచ్చిపోతది కదరా."

"పోనీ. నాతోని వచ్చి పడుడు కన్నా నయం."

నవ్వబోయి, వాడి మొహం చూసి ఆగిపోయాను. వీడిక ఈ ఆటకు కూడా రాడేమోనని భయమేసింది.

గోడ పక్కన చిన్నమ్మ గోకరకాయ తుంచుతూ కూర్చుంది. మా ఆట ఆమెకు ఎప్పుడూ పట్టదు. "బిడ్డా, ఎనక కూసున్నది దేన్ని పట్టుకున్నది?" అని అడిగింది.

"అది రూల్స్‌ల లేదు చిన్నమ్మా."

"రాయి మరి. కూసున్నోళ్లు గూడ పట్టుకోవాలె గదా. ఆ దినం నేను పట్టుకోలే. కాళ్లు ఒకదిక్కేసి కూసున్న. కొంగు చక్రంల పడతాందని రెండు చేతులతోని సదురుకుంటున్న. వీడు 'పట్టుకోవే అమ్మా' అననే అన్నడు. గంతల్నే గతుకు వచ్చింది."

తమ్ముడు తలెత్తాడు. "ఇన్ని దినాలు చెప్పకపోతివేందే?"

"దవాఖానల అందరు నిన్ను తిడతాంటే నాకు నోరు రాలే కొడుకా. సిగ్గయింది."

ఆమె మీద నాకు కోపం వచ్చింది. మరుక్షణమే జాలి వేసింది. రాసిన రూలు కొట్టేసి, వెనక కూర్చున్నవాళ్లూ ఒక పాచిక వేయాలని రాశాను. పైకి చదివాను.

వాడు పాచిక అందుకుని వేశాడు. పద్దెనిమిది పడింది. నడిపినవాడి పొరపాటు ఏమీ లేదన్నమాట.

మా ఆవిడ తన పాచికను చిన్నమ్మ ముందు పెట్టింది. చిన్నమ్మ చేతులు చీరకు తుడుచుకుని వేసింది. రెండు.

"తక్కువనా?"

"పడ్డట్టే చిన్నమ్మా."

ఆమె కొడుకు వైపు తిరిగింది. "చూసినవా బిడ్డా. నేనే పడ్డ. నువ్వు పడెయ్యలే."