లేని మనిషి సీసా

దెయ్యాల్ని నేనెప్పుడూ నమ్మలేదు. మా ఇంట్లో ఆ మాట బైబిల్లో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. తర్వాత కెమిస్ట్రీ చదివాను కాబట్టి మిగిలిన కాస్త భయమూ పోయింది. ఇది చదివి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. ఇంకొకరు చెప్తే నేనూ నవ్వేదాన్నే.

మాది పామిడిముక్కల దగ్గర పల్లె. మా అక్క సువార్త కూలికెళ్ళి నన్ను చదివించింది. నాట్లయ్యాక పురుగుమందు గుళికలు ఇసకలో కలిపి, ఉత్త చేతుల్తో చేలో చల్లేది. కాలవలో చెయ్యి ముంచి, ఆ చేత్తోనే అన్నం తినేది.

ముప్పై నిండేసరికి చేతులు వణకడం, వాంతులు. బందర్లో ఒక డాక్టరు నీరసమన్నాడు, ఇంకొకాయన రక్తం తక్కువన్నాడు. "నా ఒంట్లో ఏం చేరిందో ఎవరన్నా చూసి చెప్తే బాగుండునే," అంది అక్క ఒకరోజు. చూసేవాళ్ళు లేరు. ముప్పై ఒకటో ఏట పోయింది.

ఆ కసితోనే రీసెర్చి ఫెలోషిప్పులో చేరాను. మనుషుల ఒంట్లోకి పురుగుమందు ఎంత వెళ్తోందో మూత్రంలో కొలవడం నా పని. రెండేళ్ళయినా చూపించడానికి ఒక్క గట్టి ఫలితం లేదు. ఈసారీ రాకపోతే ఫెలోషిప్పు ఆపేస్తామన్నారు.

దివిసీమలో ఒక పేటకి వెళ్ళాను. నలభై మంది కూలీ ఆడవాళ్ళు పొద్దున్నే సీసాలు నింపి ఇచ్చారు. వాళ్ళలో నాగమణి అనే ఆవిడకి అచ్చం మా అక్కకి లాగే చేతులు వణుకుతున్నాయి. "మాకేమైందో చెప్తావు కదమ్మా? ఇదివరకొచ్చినోళ్ళు రాసుకుని పోయారు, మళ్ళీ కనబళ్ళేదు," అంది. చెప్తానని మాటిచ్చాను.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. అసలు సీసాలతో పాటు శుద్ధమైన నీళ్ళ సీసా ఒకటి ఊరికి పట్టుకెళ్ళి, అక్కడ మూత తీసి, మళ్ళీ బిగించి తెస్తాం. దాన్ని బ్లాంక్ అంటారు. అందులో ఏమీ కనపడకూడదు. కనపడితే మన చేతుల్లోనో సీసాల్లోనో మురికి ఉన్నట్టు. బ్యాచ్ మొత్తం పారబొయ్యాలి. మెషీను నడిపేవాళ్ళకి అది నీళ్ళని తెలియకూడదు కాబట్టి దానికీ ఒక పేరూ వయసూ రాస్తాం.

"లేని మనిషి పేరు ఏదో ఒకటి రాయమ్మా," అన్నారు మా గైడు మేడం.

లేని మనిషి అనగానే నా చెయ్యి సువార్త అని రాసేసింది. వయసు ముప్పై ఒకటి.

వారానికి ఫలితాలొచ్చాయి. నాగమణి సీసాలో మందు ఆనవాలు బాగా ఉంది. సిగ్గులేకుండా సంతోషపడ్డాను. ఆఖరి వరసలో సువార్త. నలభై మంది కన్నా ఎక్కువ.

సీసాలు తారుమారయ్యాయేమోనని చూశాను. మూత్రంలో తప్పకుండా ఉండాల్సినవేవీ అందులో లేవు. అవి నీళ్ళే. పక్క సీసాలోంచి చుక్క పడిందా అంటే, పక్కవాళ్ళందరినీ మించి ఎలా ఉంటుంది? పోనీ పొలంలో మందు తగిలిందా అంటే, అందులో ఉన్నది మందు కాదు. మందు ఒంట్లోకి వెళ్ళాక కాలేయం దాన్ని మార్చిన రూపం. అది తయారవ్వాలంటే ఒక మనిషి కావాలి.

మిగిలిన నీళ్ళతో మూడుసార్లు మళ్ళీ పరీక్ష చేశాను. అదే అంకె. ఆ సీసా నింపిన ల్యాబు నీళ్ళ డబ్బాలోంచే వేరే సీసాలోకి నీళ్ళు పోసి, పేరు లేకుండా పెట్టాను. ఏమీ లేదు. మళ్ళీ ఆ పేరు రాసి పెట్టే ధైర్యం నాకు లేకపోయింది.

మేడం కాళ్ళ మీద పడటం ఒక్కటే తక్కువ. ఈ బ్యాచ్ ఉంచండని ఏడ్చాను. "బ్లాంక్ చెడితే అన్నీ చెడినట్టే. నీకు తెలియంది కాదు," అన్నారు. ఆవిడ తప్పేం లేదు. ఆ పేరు ఎవరిదో నేను చెప్పనేలేదు.

నలభై సీసాలూ నేనే పారబోశాను. ఫెలోషిప్పు పోయింది. నాగమణి రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. రాసుకుని పోయినవాళ్ళలో నేనూ ఒకదాన్నయ్యాను. ఇప్పుడు గుడివాడలో పిల్లలకి పాఠాలు చెప్పుకుంటున్నాను.

ఆ నీళ్ళలోకి అదెలా వచ్చిందో ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. నన్ను తినేసేది మాత్రం అది కాదు. అక్క నోరు తెరిచి అడిగింది ఒక్కటే, ఒంట్లో ఏముందో చూసి చెప్పమని. చూసింది నేనే. రిజిస్టర్లో సువార్త పేరుకి ఎదురుగా, కారణం రాసే గడిలో, "కలుషితం, లెక్కలోకి తీసుకోరాదు" అని రాసి సంతకం పెట్టిందీ నేనే.