ఎడమవైపు చోటు

మా మావగారి కారు ఎడమవైపుకి ఒరగడం మొదలుపెట్టిన రోజుల్లోనే నాకు మా తోటికోడలి మీద అసూయ మొదలయింది. అంతకుముందు ఆవిడంటే నాకు ఇష్టమే. కాపరానికి వెళ్ళిన కొత్తలో బెదిరిపోతున్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినిపించింది ఆవిడే.

అత్తవారిది తాడేపల్లిగూడేనికి దగ్గర పల్లె. గూడెంలో వాళ్ళకి బియ్యం మిల్లు ఉంది. ఇంట్లో ఆడవాళ్ళకి ఘోషా. అందుకని కారు వెనక సీటుకి చుట్టూ ఆకుపచ్చ తెరలు కట్టించారు. ఎవరో జమీందారుగారు వాడి వదిలేసిన పాత కారు అది. గుడ్డ టాపు, పెద్ద పెద్ద దీపాలు. పక్షానికోసారి అత్తగారు మోకాళ్ళ నొప్పులకి ఏలూరు వైద్యుడి దగ్గరికి వెళ్ళేవారు. వెనక అత్తగారు కుడివైపు, నేను అక్కయ్యా అని పిలిచే తోటికోడలు మధ్యన, నేను ఎడమవైపు చివర.

ఏలూరు నా పుట్టిల్లు. అత్తగారి వైద్యం పూర్తయ్యేదాకా నన్నూ అక్కయ్యనీ అక్కడ దింపేవారు. మా నాన్న పత్రికలు తెప్పించేవారు. ఒక మాసపత్రికలో ఒక నవల భాగాలు భాగాలుగా వచ్చేది. అక్కయ్య వంటింట్లో అమ్మతో కబుర్లు చెబుతుంటే నేను గదిలో తలుపు దగ్గరగా వేసుకుని ఆ నవల చదువుకునేదాన్ని. అత్తవారింట్లో అచ్చులో ఉన్నది పంచాంగం ఒక్కటే. మా వారు కాకినాడలో చదువుకుంటున్నారు. సెలవులకి తప్ప రారు. కనుక ఆ ఎడమవైపు చోటే నాకు అమ్మా, పుస్తకమూ, మాట్లాడే తోడూ.

వానాకాలం వెళ్ళాక రోడ్డు గుంతలు పడింది. కారు వెనకభాగం ఎడమపక్కకి దిగిపోసాగింది. తూము దాటినప్పుడల్లా నా సీటు కింద ‘టక్’మని ఒక దెబ్బ. ముందు కూర్చునే మగవాళ్ళకి ఇంజను హోరులో అది వినబడదు. నాకు మాత్రం వెన్నులోకి వచ్చేది.

మావగారు పుట్టి పెరిగింది కొల్లేటి ఒడ్డున. చిన్నప్పుడు బడికి కూడా తాటిదోనె మీద వెళ్ళేవారట. కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి తేల్చేశారు.

“దోనె ఒరిగిందంటే దోనెని విప్పుకుంటామా? మనుషుల్ని సర్దుకుంటాం. ఏమే, పెద్దకోడల్ని కూడా నీతోపాటు కుడివైపుకే సర్దుకోమను. ఎడమవైపు ఎవరూ కూర్చోకూడదు.”

అలా నా చోటు పోయింది. ఇరుకువల్ల పోయుంటే అంత బాధ లేదు. అది ఖాళీగా ఏలూరు వెళ్ళి ఖాళీగా వచ్చేది. నేను వీధి తలుపు వెనక నుంచి చూస్తూ ఉండేదాన్ని.

అత్తగారిని ఏదైనా అడగడం నాకు చేతకాదు. ఆ ఒక్కసారి మాత్రం అడిగాను.

“అత్తయ్యగారూ, ఈసారికి అక్కయ్య బదులు నేను కుడివైపు కూర్చుంటానండీ.”

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. “నువ్వు కూర్చుంటే కాకి వాలినట్టేనే అమ్మాయ్. బరువుకి అక్కరకొస్తావా?”

“పోనీ ఒళ్ళో తిరగలి పెట్టి పంపుదామండీ,” అంది అక్కయ్య. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

అక్కయ్యది అత్తిలి. పచ్చగా, నిండుగా ఉంటుంది. నవ్వితే చేతుల గాజులు కూడా నవ్వుతాయి. ఏలూరులో ఆవిడకి ఒక్క చుట్టమూ లేరు. అయినా ఆవిడ వెళుతుంది, నేను ఉండిపోతాను. మనిషి ఒంటి బరువుని చూసి అసూయపడవచ్చునని నాకు అప్పుడే తెలిసింది. కొన్నాళ్ళు దొంగతనంగా సున్నుండలు తిన్నాను. ఒళ్ళు రాలేదు, అరుగుదల మాత్రం చెడింది.

ఆవిడ తిరిగి వచ్చాక చెప్పే కబుర్లు ఇంకా కష్టం.

“మీ అమ్మగారు పనసపొట్టు కూర వండారే చెల్లీ! నీకు ఇష్టమటగా. నా విస్తట్లో రెండుసార్లు వేశారు.”

“అలాగా అక్కయ్యా.”

“నాకు ఊసుపోవడం లేదంటే ఆ పత్రికలు తీసి చదివి వినిపిస్తున్నారు. ఎంత బాగా చదువుతారనుకున్నావ్! ఆ నవల్లో పిల్ల ఇల్లు విడిచి పడవ ఎక్కేసింది, తెలుసా?”

నాకు తెలియదు. నేను చదివినంతవరకు ఆ పిల్ల ఇంట్లోనే ఉంది.

“చెప్పకండక్కయ్యా. నేనింకా అంతవరకూ రాలేదు.”

“అయ్యో, రాలేదేమిటి? సరే సరే, చెప్పనులే. మళ్ళీ తిరిగొస్తుందిలే, కంగారుపడకు.”

చెప్పనంటూనే చెప్పేసింది. వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకున్నాను. నా అమ్మ గొంతులో, నా నవల, నాకంటే ముందు ఆవిడ వింది. ఆ రోజంతా ఆవిడ పిలిస్తే పలకలేదు. ఆవిడ గమనించనైనా లేదు.

ఒక మధ్యాహ్నం మగవాళ్ళు మిల్లులో ఉన్నారు, డ్రైవరు భోజనానికి వెళ్ళాడు. షెడ్డులోకి వెళ్ళి కారెక్కి నా చోట్లో కూర్చున్నాను. ఉక్రోషంతో కూర్చున్నాను తప్ప ఏదో కనిపెడదామని కాదు. కానీ కూర్చోగానే ఒక సంగతి తట్టింది. కారులో నేను తప్ప ఎవరూ లేరు, నేను కాకి బరువు. అయినా సీటు ఎడమకి వాలే ఉంది. దిగి దూరంగా నిలబడి చూశాను. ఎవరూ లేని కారు కూడా అలాగే ఒరిగి ఉంది.

అయితే ఇది మనుషుల బరువు వల్ల వచ్చింది కాదు. వెనక టైరుకీ పైన మడ్‌గార్డుకీ మధ్య జాన పెట్టి కొలిచాను. కుడివైపు జానెడు దాటి నాలుగు వేళ్ళు పట్టాయి. ఎడమవైపు జాన కూడా పట్టలేదు. వంగి కిందికి చూశాను. చక్రాల దగ్గర చెరోవైపూ ఒక కమాను ఉంది. ఇనుప పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించిన కట్ట అది. బండి వెనకభాగమంతా దాని మీదే నిలబడుతుంది. కుడివైపుది నెలవంకలా వంగి ఉంది. ఎడమవైపుది వంపు పోయి నిద్రపోతున్న మనిషిలా తిన్నగా పడి ఉంది. పట్టీల సందుల్లోంచి ఎర్రటి తుప్పు పొడి రాలుతోంది. మళ్ళీ ఎక్కి సీటు మీద గట్టిగా ఊగాను. ‘టక్.’ ఆ దెబ్బ చక్రం దగ్గర కాదు, ఇంకా వెనక, కమాను చివర కారు చట్రానికి వేలాడే చోట. దిగి చూస్తే అక్కడి మేకు ఒకవైపు అరిగి తళతళలాడుతోంది. మేకుకీ రంధ్రానికీ మధ్య నా గోరు దూరింది.

సంతోషం పట్టలేకపోయాను. కానీ ఎవరికి చెప్పాలి? మావగారి ఎదుట పడి నేను మాట్లాడలేను. డ్రైవరుతో మాట్లాడకూడదు. మా వారికి ఉత్తరం రాస్తే చదివి నవ్వి ఊరుకుంటారు. ఇంట్లో మావగారితో తలుపు చాటు నుంచి ధైర్యంగా మాట్లాడగలిగేది ఒక్కరే. రెండు రోజులు పంతంతో ఓర్చుకుని, చివరికి అక్కయ్యకే చెప్పాను. ఆవిడ షెడ్డుకి వచ్చి తను కూడా జాన పెట్టి చూసి బుగ్గలు నొక్కుకుంది.

సాయంత్రం మావగారు కాఫీ తాగుతుండగా తలుపు చాటు నుంచి అంది.

“మావగారండీ, కారు ఖాళీగా ఉన్నా ఒరిగే ఉందండి. మేం చూశామండి. ఎడమ కమాను చచ్చిపోయిందండి. వెనక మేకు కూడా అరిగిందండి.”

మావగారు కప్పు దింపారు. “ఖాళీగా ఉన్నా ఒరిగే ఉందా?” కండువా వేసుకుని షెడ్డులోకి వెళ్ళారు. తిరిగొచ్చి, “మా పెద్దకోడలి బుర్ర ప్లీడరీకి పనికొచ్చేది,” అన్నారు.

అక్కయ్య ‘మేం’ అంది. అబద్ధమేమీ ఆడలేదు. కానీ ఆ ‘మేం’లో నేను ఎవరికి కనబడతాను? “చెల్లి చూసిందండి” అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ సాయంత్రమంతా ఆ మాటే నమిలాను.

మిల్లు ఫిట్టరు వచ్చాడు. మేం కిటికీ రెక్కల సందులోంచి చూశాం. చట్రం కింద దుంగలు పెట్టి కారు వెనకభాగం పైకెత్తి, బోల్టులు వదులు చేసి కమానుని కిందికి దింపాడు. పట్టీలు విడదీసి ఒకదాన్ని పైకెత్తి చూపించాడు. అది మధ్యకి విరిగి ఉంది. కట్టలో ఉన్నంతసేపూ పైకి కనబడలేదు.

“రెండువైపులా చేద్దామండి,” అన్నాడు ఫిట్టరు.

“బాగున్నదాన్ని ఎందుకు కెలకడం? ఎడమది చెయ్యి చాలు,” అన్నారు మావగారు.

విరిగిన పట్టీ మార్చారు. మిగతావాటిని కొలిమిలో కాల్చి కమ్మరి మళ్ళీ వంపు తెచ్చాడు. పట్టీల మధ్య ఆముదం పూసి బిగించారు. అరిగిన మేకు తీసేసి కొత్తది వేశారు. అది తిరిగే చోట మిల్లు లేతు యంత్రం మీద తీసిన ఇత్తడి తొడుగు కొట్టారు. దుంగలు తీసేసరికి కారు ఠీవిగా లేచి, నెమ్మదిగా కుడివైపుకి ఒరిగింది.

కుడివైపు కమాను కూడా ముసలిదేనని, ఎడమదాని పక్కన బాగున్నట్టు కనిపించిందని అప్పుడు తెలిసింది.

“అయితే ఇప్పుడు బరువు ఎడమవైపు పడాలి,” అన్నారు మావగారు. “పెద్దకోడల్ని...”

“ఏవండీ,” అన్నారు అత్తగారు లోపలి నుంచే, “నేనింక కారులో అటూ ఇటూ పొర్లలేను. దోనె ఎక్కి వెళతాను, కాలవలో దోనె తెప్పించండి.”

ఫిట్టరు మొహం పక్కకి తిప్పుకున్నాడు. మావగారు కూడా నవ్వేశారు. కుడి కమాను కూడా దింపారు.

ఆ తరవాతి ప్రయాణానికి ముగ్గురం వెళ్ళాం. తూముల మీద చప్పుడు లేదు. గుండుగొలను దగ్గర కొల్లేటి గాలి తెరల్ని మా మీదికి తోసింది. “చూశావా, నేను మావగారితో చెప్పబట్టి కదూ!” అంది అక్కయ్య, నా భుజం తట్టి. అవునన్నాను. ఏలూరులో మా అమ్మ గుమ్మంలోకి వచ్చి ముందు ఆవిణ్ణే “రామ్మా” అని పిలిచింది. అతిథి కనుక అని నాకు తెలుసు. తెలిసినా బాగాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు పత్రికలన్నీ తెచ్చుకున్నాను. కొత్త సంచిక పైన ఉంది. అక్కయ్య ఇంకా విననిది అదొక్కటే.

“చెల్లీ, ఇది చదివి వినిపించవూ? పిల్ల ఏమైందో అని నాకు అన్నం సహించడం లేదు.”

“కారు కుదుపుకి అక్షరాలు నిలవవక్కయ్యా.”

“కుదుపెక్కడుందే? ఊయల్లా ఉంటే!”

“చదవవే అమ్మాయ్, నేనూ వింటాను,” అన్నారు అత్తగారు.

ఇక తప్పదు. కొత్త సంచిక అడుక్కి తోసి, నేను ఆగిపోయిన సంచిక తీశాను. అత్తగారికి కథ తెలియాలి కదా, వెనకటి సంచికల నుంచి చదవాలి అన్నాను. ఒక్కో అక్షరం నిదానంగా చదివాను. అక్కయ్య తనకి తెలిసిన కథే వింటూ కూర్చుంది, మధ్యమధ్య ఆ కింది పుస్తకం వైపు చూస్తూ. ఆ పిల్ల పడవ ఎక్కి తిరిగి వచ్చే చోటుకి నేను చేరేసరికి, డ్రైవరు మా ఇంటి ముందు కారు ఆపాడు.