కోడుమూరు శ్రుతిలో జాజ్

కోడుమూరు మదార్ సాహెబ్ తండ్రి దూది ఏకేవాడు. ఆ ఏకుబద్ద టంకారం వింటూ పెరిగిన కొడుక్కి తాళం అబ్బింది, ఏకుడు అబ్బలేదు. క్లారినెట్టు పట్టి మేళం కట్టాడు. పెళ్లికీ, ఉరుసుకూ, క్రైస్తవుల భూస్థాపనకూ అదే మేళం, అవే ఎర్రకోట్లు. ఎవరి దేవుడి ముందు వాయిస్తున్నామన్న బెంగ ఆయనకు లేదు. ఎండలో ఎంతసేపు నిలబెడతారన్నదే బెంగ.

1937 ప్రాంతంలో పత్తి మిల్లు దేవేంద్రప్ప బళ్లారి వేలంలో గ్రామఫోను కొన్నాడు. దానితో ఒకే ఒక్క రికార్డు వచ్చింది, అమెరికా నల్లవాళ్ల జాజ్ పాట. పెట్టెకు వేగం సర్దే మర ఉంటుంది. దేవేంద్రప్ప దాన్ని కడదాకా తగ్గించి పెట్టాడు.

"బిరబిరా తిరిగితే రికార్డు అరిగిపోదా? మెల్లగా తిరిగితే పాట కూడా శానాసేపు వస్తాది" అని ఆయన వాదన.

పళ్లెం నెమ్మదిస్తే పాట సాగడమే కాదు, శ్రుతీ దిగిపోతుందని మిల్లులో ఎవరికీ తోచలేదు. బాకా ఈనలేని గేదెలా మూలిగింది. మదార్ సాహెబ్ విని కళ్లు తుడుచుకున్నాడు.

"పాపం, ఈళ్లకు ఎవరో బాగా కావల్సినోళ్లు సచ్చిపోయినారప్పా!"

ఆ దిగిన శ్రుతిలోనే, ఆ నత్తనడకలోనే పాటను క్లారినెట్టుకు ఎక్కించాడు. ఆ ఏడాది క్రైస్తవ సంఘ పెద్ద ప్రేమయ్య తండ్రి పోతే శవం ముందు వాయించాడు. వీధంతా ఏడ్చింది. ఇక అది లేనిదే క్రైస్తవుల పేటలో శవం కదిలేది కాదు. ఆచారం పుట్టడానికి తరాలు అక్కర్లేదు, ఒక్క సాగనంపు బాగా కుదిరితే చాలు.

యుద్ధం ముగిశాక పేట కుర్రాడు శాంతయ్య మిలిటరీ నుంచి ఊరికొచ్చాడు. ఆ వారంలోనే ఎవరిదో భూస్థాపన. మేళం అందుకోగానే అతను పకపకా నవ్వాడు.

"యాడ నేర్చినావు మామా? మేం క్యాంటీన్లో తాగి ఎగిరే పాట గదా ఇది!"

ప్రేమయ్య ముఖం మాడిపోయింది. "మా నాయన పీనుగ ముందర తాగుబోతుల పాట వాయిస్తివా? వచ్చే నెల నా కూతురు విశ్వాసమ్మ పెండ్లికి కర్నూలు మేళం తెస్తాండా. మా పేటలోకి ఇంక రావద్దు నువ్వు!"

పేట పోతే మేళం సగం మూతపడినట్టే. మదార్ సాహెబ్‌కు మాత్రం పాట మీద గట్టి నమ్మకం. "రికార్డు ఏడుస్తాంటే నీ చెవులతోనే విందువు రాప్పా" అని ప్రేమయ్యనూ, ఆయన తల్లి రాహేలమ్మనూ మిల్లుకు పిలుచుకుపోయాడు. శాంతయ్య కూడా వెంట నడిచాడు. పెట్టెను చూడగానే అతను వేగం పెరిగే వైపు మర తిప్పేశాడు.

"అరిగిపోతాది రోయ్!" అని దేవేంద్రప్ప అరిచాడు.

పాట లేచి ఉరికింది. ఎక్కడి ఏడుపు, ఎక్కడి శోకం! మదార్ సాహెబ్ నీరుగారిపోయాడు. రాహేలమ్మ పాదం మాత్రం తనంతట తాను ఆడింది.

"విన్నావామ్మా, ఎంత పాపమో?" అన్నాడు ప్రేమయ్య.

"నోరు మూయిరా! పలక డప్పు మోగితే మీ నాయన ఎగరకుండా ఇంట్లో నిలిచినోడా? నువ్వు సంఘ పెద్దయినాంక గదా ఆయప్ప కాళ్లు కట్టేస్తివి! పోయేటప్పుడన్నా ఆయనకు తగిన పాట పడింది. మెల్లగా వాయించడమే తప్పు. పెండ్లికి ఈ మదారే వాయించల్ల, ఇదే వాయించల్ల."

తండ్రి భక్తి మీద తొమ్మిదేళ్లుగా ప్రసంగిస్తున్న ప్రేమయ్య తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "సరే. పెండ్లి నవ్వులపాలైతే మాత్రం అదే నీకు ఆఖరు" అన్నాడు మదార్ సాహెబ్‌తో.

శ్రుతి ఎక్కేసరికి వేళ్ల నడకంతా మారిపోయింది. యాభై దాటిన ఊపిరి ఆ పరుగు అందుకోలేక నెలంతా సాధనలో రొప్పింది.

పెళ్లినాడు ఊరేగింపులో పాట ఎత్తుకోగానే ముసలివాళ్లు అలవాటుగా తలగుడ్డలు తీసి తల వంచారు. ఒకావిడ ముక్కు చీదింది. మదార్ సాహెబ్ వేళ్లు తడబడ్డాయి. అప్పుడు రాహేలమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుని మేళం ముందుకొచ్చింది.

"ఏమప్పా మదారూ, ఊదు మరి!"

ఆమె అడుగేసింది. ఆయన ఆ అడుగును పట్టుకున్నాడు. రికార్డు వేగమూ కాదు, శవం వేగమూ కాదు. డెబ్బై ఏళ్ల మోకాళ్లకు ఎంత చేతనైతే అంత. తలగుడ్డలు మళ్లీ తలలకెక్కాయి, చప్పట్లు మొదలయ్యాయి.

"రికార్డులో ఇట్ల లేదు మామా" అన్నాడు శాంతయ్య.

"దానికి మోకాళ్లు యాడుండాయిరా?" అన్నాడు మదార్ సాహెబ్, ఊపిరి తీసుకునే సందులో.

పందిరి దగ్గర ప్రేమయ్య గంటు ముఖంతోనే ఎదురొచ్చాడు.

"క్రిస్మస్‌కు కూడా మీరే రాండి. కోట్లు మాత్రం ఉతుక్కోండి."