మా మేనత్త భయం

పోయిన నెల ఒక పొద్దున నేను పాఠాలు చెప్పే బడికి తయారవుతుండగా తమ్ముడు శ్రీశైలం ఫోన్ చేశాడు. "అక్కా, అత్త పోయింది," అన్నాడు. చాయ్ పెట్టి మామ లేపితే లేవలేదట. ముందు రోజు గొర్రెలకు మేత కోసుకొచ్చిందట. రాత్రి అన్నం తినేటప్పుడు ఆయాసంగా ఉందంటే తెల్లారినాక దవాఖానకు పోదామనుకున్నారట.

చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్తాను. ఆ మాట వినగానే నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. పది రోజుల్లో మా ఇంటి పిల్లలందరూ బాయికాడికి రావలసి ఉంది. అత్త లేని ఆ పొలంలోకి వాళ్లను ఎట్లా వదలాలి? ముందు నాకు తోచింది అదే. ఆ తర్వాతే కూర్చుని ఏడ్చాను.

మా ఊరు ఆలేరుకు, భువనగిరికి మధ్య ఉంటుంది. వానకాలం వరి కోసి, వడ్లు ఎండి, మొదటి బస్తా మరపట్టించి తెచ్చినాక వచ్చే ఆదివారం మాకు పెద్ద రోజు. దానికి క్యాలెండరులో పేరు లేదు. ఇంట్లో మాత్రం 'కొత్తబియ్యం నాడు' అంటాం. హైదరాబాదులో ఉన్నవాళ్లు, భువనగిరిలో ఉన్న నేను, అందరం పిల్లలతో తెల్లారేసరికే బాయికాడికి చేరుకుంటాం. కొత్తబియ్యంలో పాలు, బెల్లం వేసి పాశం వండుతాం. మొదటి పిడికెడు బావి ఒడ్డున మన్ను మీద పెట్టి మా బాపు, అంటే నాన్న, పొలం దిక్కు తిరిగి దండం పెడతాడు. "ఈ యేడు గూడ బుక్కెడు పెట్టినవ్ తల్లీ," అంటాడు. ఆయనకు వచ్చిన మంత్రం అంతే. రెండో పిడికెడు గొర్రెలకు. ఆ తర్వాత పిల్లలకు.

చలికాలం అప్పుడప్పుడే మొదలయ్యే రోజులవి. మంచు కమ్మి పక్క మడి కూడా కనిపించదు. పిల్లలు మంట చుట్టూ చేరి, నోట్లోంచి ఆవిరి వదులుతూ బీడీ తాగుతున్నట్టు నటిస్తారు. ఎండ రాగానే గడ్డివాము ఎక్కి జారుతారు, ఒళ్లంతా దురదలు పెట్టేదాకా.

ఇన్ని నవ్వుల మధ్య నవ్వని మనిషి మా మేనత్త ఒక్కతే. బాపుకు అక్క. ఇచ్చింది ఊళ్లోనే కాబట్టి మా బావి దగ్గరికి అందరికన్నా ముందే వచ్చేది, గడ్డపార భుజాన వేసుకుని. మా పొలంలో ఎండిపోయిన బోర్లు మూడున్నాయి. వాటి మీది బండలు కదిలాయేమో చూసి, ఒక్కొక్కదాన్ని కాలితో తన్ని, అప్పుడు గానీ పొయ్యి దగ్గరికి వచ్చేది కాదు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో రెండేళ్లు వానలు ముఖం చాటేశాయి. మా దిక్కు నీళ్ల కోసం బోరు వెయ్యని రైతు లేడు. బాపు నాలుగు వేస్తే ఒక్కదాంట్లో పడ్డాయి. నీళ్లు పడని బోరులో దింపిన పైపును పైకి లాగేస్తారు, ఇంకో చోట పనికొస్తుందని. మిగిలిన బొంద అన్నం పళ్లెమంత కూడా ఉండదు. అందులో పిల్ల పడుతుందని చూసినవాళ్లెవరూ అనుకోరు. పైన మన్ను విరిగి కొంచెం కొంచెంగా వెడల్పవుతుంది. ఎవరో ముళ్లకంప వేస్తారు, ఆ కంపను ఇంకెవరో పొయ్యిలోకి తీసుకుపోతారు.

ఆ కరువులోనే అత్త పొరుగూరికి పత్తి ఏరడానికి కూలికి పోయింది. అక్కడ ఒక చిన్నపిల్ల బోరులో పడింది. రెండు రోజుల దాకా అత్త ఇంటికి రాలేదు. వచ్చినాక స్నానం చేసి, గోడకు ఆనుకుని కూర్చుంది. ఏమైందని మామ అడిగితే, "తియ్యలేకపోయిండ్రు," అన్నదట, అంతే. అప్పటినుంచి మేం ఎక్కడ కలిసినా పిల్లల నెత్తి మీద చెయ్యి పెట్టి ఒక్కొక్కరినీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆడుకునే పిల్లల్ని కూడా ఆపి లెక్కపెట్టేది. పిల్లల్ని కూడా నీ గొర్రెల మందలో కలిపావా అని శ్రీశైలం ఎగతాళి చేసేవాడు.

"మందల ఒకటి తప్పిపోతే తెల్లారి యాడనో దొరుకుతది. గిది గట్ల గాదు," అనేది.

మేం నవ్వేవాళ్లం. ఏడేళ్ల కిందటి దాకా నవ్వాం.

ఆ యేడు నా బిడ్డ మైత్రికి నాలుగేళ్లు. అందరం తిన్నాం. మగవాళ్లు నడుం వాల్చారు. నేను కాలువ దగ్గర గిన్నెలు తోముతున్నాను. అత్త మెల్లగా నా పక్కకు వచ్చి, మైత్రి నీ దగ్గరుందా అని అడిగింది. శ్రీశైలం దగ్గరుందని చెప్పాను. శ్రీశైలాన్ని అడిగితే గడ్డివాము దగ్గర చూశానన్నాడు. గడ్డివాము దగ్గరి పిల్లలు మాత్రం, గొర్రెపిల్లతో ఆడుకుంటానని ఎప్పుడో పోయిందన్నారు. ఎటు పోయిందంటే తలా ఒక దిక్కు చూపించారు. అప్పటికి కూడా నా చేతిలో గిన్నె అట్లనే ఉంది.

అత్త ఒడ్డెక్కి చుట్టూ చూసింది. పక్క రైతు చెలకలో ఒక చోట నేల తెల్లగా, బూడిద పోసినట్టుంది. బోరు వేస్తే పైకి వచ్చే రాతిపొడి అది.

"తమ్మీ, గా తెల్లపొడి ఏంది?"

బాపు లేచి నిలబడ్డాడు. ఆయన ముఖం అట్లా మారడం నేను అంతకుముందు చూడలేదు. "మొన్న ఏసిండ్రక్కా. నీళ్లు పడలే," అన్నాడు. అత్త అంతకుముందు పది రోజులు మామతో మంద మేపుకుంటూ ఊళ్లు తిరిగి ముందటి రోజే వచ్చింది. ఆమెకు తెలియని బోరు అదొక్కటే.

అప్పటికే అరవై దాటిన మనిషి. చెప్పులు వదిలేసి ఉరికింది. ఆమె వెనక మేమందరం.

బొంద మీద కప్పిన గోనెసంచి సగం లోపలికి జారిపోయి ఉంది. పక్కనే మైత్రి చెప్పు, ఒక్కటే. నాకు కేక వచ్చింది. అది పూర్తిగా బయటికి రాకముందే అత్త అరచేత్తో నా నోరు మూసింది. ఆ చేతికి ఇంకా బెల్లం వాసన ఉంది.

"నువ్వు ఏడువకు. నీ గొంతు ఇంటే అది కదులుతది. కదిలితే కిందికి జారుతది."

అందరినీ దూరం జరగమని సైగ చేసి, బోర్లా పడుకుని నేలకు చెవి ఆనించింది. అంతమందిమి ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. అప్పుడు కింద నుంచి ఒక సన్నని గొంతు వినిపించింది. ఏడుపులాగే ఉంది. బాపు ఉన్నచోటనే కూలబడ్డాడు. శ్రీశైలం ఫోన్లో ఎవరికో ఊరి పేరు చెప్తున్నాడు, పొలానికి దారి చెప్పబోయి తడబడుతున్నాడు.

అత్త బొందలోకి మాట్లాడుతోంది. రోజూ అన్నం తినిపించేటప్పుడు మాట్లాడే గొంతే. "మైతమ్మా, నేను బిడ్డా, అవ్వను. ఈడనే ఉన్న. కదులకు." ఒక మాట చెప్పడం, మళ్లీ చెవి పెట్టడం. ఎంతసేపు అట్లా చేసిందో చెప్పలేను. ఆమె చెంపకు తెల్లపొడి అంటుకుంది.

ఉన్నట్టుండి తలెత్తి మామను పిలిచింది. మామ కూడా వంగి విన్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇది మన పిల్ల గాదు. గొర్రెపిల్ల," అంది అత్త.

నేను నమ్మలేదు. నేను బొందలో దూకకుండా ఉండడానికి అబద్ధం చెప్తోందనుకున్నాను. ఆమె చెయ్యి విదిలించుకుని బొంద మీదికి వంగబోతే, జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది. మా అత్త నన్ను నొప్పి పుట్టేలా పట్టుకున్నది జన్మకు ఆ ఒక్కసారే.

"నలభై ఏండ్ల సంది ఇంటున్న బిడ్డా గా గొంతు. నీ బిడ్డ పైననే ఉన్నది. గటు సూడు."

ఆమె వేలు చూపిన దిక్కు చూశాను. తెల్లపొడిలో చిన్న అడుగులు. ఒకటి చెప్పుది, ఒకటి ఉత్త కాలిది. పత్తిచేను దిక్కు పోయి ఉన్నాయి. గట్టిగా పిలవొద్దని, భయపడి దాక్కుని ఉంటుందని అత్త వెనకనుంచి చెప్తూనే ఉంది.

మూడో సాలులో దొరికింది. పత్తిచెట్ల మధ్య గొంతుక్కూర్చుని, రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని ఉంది. గొర్రెపిల్ల ఏడుపు వినలేక మూసుకుందట. నన్ను చూడగానే, "నేను నూకలే అమ్మా, అదే పడ్డది," అంది. ఎత్తుకుంటే ఒళ్లంతా వణుకుతోంది.

గోనెసంచి మీద గొర్రెపిల్ల కాలు పడింది కాబట్టి నా బిడ్డ మిగిలింది. అడుగు దూరంలో నడుస్తోందట ఇది.

పిల్ల దొరికిందని శ్రీశైలం ఫోన్ చేసి చెప్పాడు. ఆ తర్వాత మామ, తనూ కలిసి తాడుకు ఉచ్చు వేసి గొర్రెపిల్లను తియ్యాలని చూశారు. తాడు కదిలినప్పుడల్లా మన్ను రాలి అది ఇంకా కిందికి జారింది. ఎండ తగ్గింది. హైదరాబాదు వాళ్లు పిల్లల్ని తీసుకుని బయలుదేరారు. అత్త మాత్రం అక్కడినుంచి లేవలేదు. మైత్రిని ఒళ్లో పడుకోబెట్టుకుని నేనూ ఆమె పక్కనే కూర్చున్నాను. బొందలో గొర్రెపిల్ల ఇంకా అరుస్తూనే ఉంది, మధ్యమధ్య ఆగుతూ.

పొరుగూరి సంగతి అత్త అప్పుడు చెప్పింది, నేను అడగకుండానే.

"గా పిల్ల మొదటి నాడు 'అమ్మా' అని పిలిచింది బిడ్డా. రెండో నాడు పిలువలే. వాళ్లమ్మ నన్నే పట్టుకుని కూసున్నది. ఇను, ఇనొచ్చి చెప్పు అన్నది. నేను చెవి పెట్టి ఇన్న. ఏం ఇనొస్తలేదు. పిలుస్తాంది అని చెప్పిన. దినమంత గట్లనే చెప్పిన."

మైత్రి నెత్తి మీద చెయ్యి పెట్టి, "నీకు మాత్రం అబద్ధం చెప్పలే," అంది.

అరుపు ఆగినాక కూడా ఆమె మళ్లీ ఒకసారి చెవి పెట్టి విన్నది. అప్పుడే లేచింది.

మర్నాడు పక్క రైతు వచ్చాడు. తలెత్తలేకపోయాడు. అత్త అతన్ని తిట్టలేదు. తట్ట చేతికిచ్చి, మన్ను పోయమంది. తనూ పోసింది. ఆ తర్వాత ఆమె ఊరి పొలాలన్నీ తిరగడం మొదలుపెట్టింది. ఎండిన బోరు ఉన్న ప్రతి ఇంటికీ పోయి, మూత వెయ్యమని అడిగేది. చేస్తాంలే అన్నవాళ్ల అరుగు మీద కూర్చుని, చేసేదాకా లేచేది కాదు. ఆమెను చూసి తప్పుకుని పోయినవాళ్లున్నారు, పిచ్చి పట్టిందన్నవాళ్లున్నారు. "నాకు భయమైతాందని చెప్పనీకి నాకేం సిగ్గు లేదు," అనేది. రెండు చలికాలాలు గడిచేసరికి మా ఊరి పొలాల్లో నోరు తెరిచిన బోరు ఒక్కటి కూడా లేకుండా పోయింది. ఎవరూ ఆమెకు శాలువా కప్పలేదు. కప్పినా ఏదో ఒక పిల్లకు చలికి కప్పి ఉండేది.

ధైర్యం గురించి పిల్లలకు పాఠాలు చెప్తుంటాను. చెప్పేటప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ధైర్యవంతులెవరూ కాదు, ఎప్పుడూ భయపడుతూ ఉండిన ఈ మనిషి. బడి తెరిచిన మొదటి రోజు నేను ఆవరణంతా ఒకసారి తిరిగి వస్తాను. గోడ పక్కన, నీళ్ల ట్యాంకు వెనక, గడ్డి పెరిగిన మూలల్లో చూస్తాను. తోటి టీచర్లు ఏం వెతుకుతున్నావని అడుగుతారు. ఏం లేదంటాను. అది ఆమె నాకిచ్చిన భయం. దాన్ని పోగొట్టుకోవాలని నాకు లేదు.

ఇంట్లో మైల కాబట్టి ఈ యేడు కొత్తబియ్యం వండలేదు. మైత్రికి ఇప్పుడు పదకొండేళ్లు. ఆ రోజు దానికి సరిగ్గా గుర్తు లేదు. అవ్వ దినాల నాడు మాత్రం చెవులు మూసుకుని ఒక మూల కూర్చుంది. డప్పుల మోత పడక అని అందరూ అనుకున్నారు. నేను పోయి పక్కన కూర్చున్నాను.

అత్తను ఆ పొలంలో నేను చివరిసారి చూసింది పోయిన చలికాలం. మధ్యాహ్నం ఎండలో, పరిచిన వరిగడ్డి మీద కూర్చున్నదల్లా అట్లనే పక్కకు ఒరిగి నిద్రపోయింది. పిల్లలు చుట్టూ అరుస్తున్నారు, దుముకుతున్నారు. ఆమె అట్లా పట్టపగలు నిద్రపోవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఒక చేతిలో మాత్రం మా తమ్ముని చిన్నబిడ్డ గౌను అంచు గట్టిగా పట్టుకుని ఉంది. ఆ పిల్ల లేవబోయి, లేవలేక, మళ్లీ కూర్చుంది. ఉడికిన కందికాయలు ఒక్కొక్కటి ఒలుచుకుని తింటూ, ఉప్పు చేతిని అవ్వ చీరకు తుడుచుకుంటూ, ఎండ పడమటి దిక్కు వాలేదాకా అక్కడే ఉంది.